1955లో షెనాయ్ ఒక్కరే ఎందుకు వద్దన్నారు?

పాతపేపర్లు · శనివారం రాత్రి 9:40

మొన్న వేరే థ్రెడ్‌లో మన గ్రూప్‌వన్ తమ్ముడు "రెండో ప్రణాళిక అంటే మహలనోబిస్ నమూనా, రెండు మార్కులు" అని తేల్చేశాడు. ఆ రెండు మార్కుల వెనక ఉన్న గొడవ ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ మొదలుపెడుతున్నాను. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

1955లో ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన దేశంలో పేరున్న ఆర్థికవేత్తలందర్నీ ఒక ప్యానెల్‌గా కూర్చోబెట్టారు. వాళ్ల ముందు పెట్టింది గణాంకవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ తయారుచేసిన ప్లాన్ ఫ్రేమ్, అంటే రెండో ప్రణాళిక ముసాయిదా. దాని సారం ఇది: డబ్బంతా ముందు ఉక్కు మీద, యంత్రాలను తయారుచేసే యంత్రాల మీద పెడదాం. జనానికి కావాల్సిన గుడ్డ, సబ్బు, చెప్పు సంగతి చేతివృత్తులూ చిన్న పరిశ్రమలూ చూసుకుంటాయి. ఎగుమతుల మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ప్యానెల్ దాదాపు అంతా సరేనంది. గుజరాత్ యూనివర్సిటీ నుంచి వచ్చిన బి.ఆర్. షెనాయ్ ఒక్కరే విడిగా అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు.

ఆయనది సిద్ధాంతం గొడవ అని చాలామంది అనుకుంటారు. చదివితే ఎక్కువ భాగం కూడికలూ తీసివేతలే. చివరికి ఖరారైన రెండో ప్రణాళికలో ప్రభుత్వ రంగం ఖర్చు 4,800 కోట్లు. అందులో పన్నులు 800, అప్పులు 1,200, రైల్వేలూ ప్రావిడెంట్ ఫండ్లూ వగైరా 400, విదేశీ సాయం 800. ఇవన్నీ కలిపితే 3,200. మిగతా 1,600లో 1,200 కోట్లు లోటు ఫైనాన్సింగ్, అంటే మామూలు భాషలో నోట్లు కొట్టడం. ఇంకో 400 కోట్లు ఎక్కడినుంచి వస్తాయో ప్రణాళిక పుస్తకంలోనే రాయలేదు, "గ్యాప్" అని ఖాళీగా వదిలేశారు. తొమ్మిది వందల మందిని పెళ్లికి పిలిచి, అందులో మూడు వందల మంది భోజనాల సంగతి ముహూర్తం అయ్యాక చూద్దామనుకున్నట్టు.

షెనాయ్ అడిగిందల్లా ఇదే. జనం పొదుపు ఎంతో అంతే పెట్టుబడి పెట్టగలం. అంతకు మించి పెడితే ధరలు పెరుగుతాయి, ధరలు పెరిగితే కంట్రోళ్లు వస్తాయి, కంట్రోళ్లు వస్తే పర్మిట్లు వస్తాయి. ప్రణాళిక 1956 ఏప్రిల్‌లో మొదలైంది. 1957కే విదేశీ మారకద్రవ్యం అడుగంటింది, దిగుమతుల మీద ఆంక్షలు బిగిశాయి. యుద్ధకాలంలో బ్రిటన్ మనకి బాకీపడ్డ స్టెర్లింగ్ నిల్వలు కరిగిపోయాయి. 1958లో దాతల దేశాల కూటమి ముందు కూర్చోవాల్సి వచ్చింది.

మహలనోబిస్ తెలివితక్కువవాడని నేననడం లేదు. జనపనార పంట ఎంతో శాంపిల్ సర్వేతో లెక్కగట్టడం ప్రపంచానికి చూపించిన మనిషి. నా బాధల్లా వేరు. అంత తెలివైనవాళ్లు తప్పు చేసినప్పుడు, ఆ తప్పు అయిందని వాళ్లకి తెలియజేసే గంట ఏదీ ఆ గదిలో లేదు. కిరాణా కొట్టు శెట్టి తప్పు సరుకు తెస్తే సాయంత్రానికి తెలుస్తుంది, నష్టం ఆయన గల్లాపెట్టెలోంచే పోతుంది. ప్రణాళికా సంఘం తప్పు సరుకు తెస్తే ఎవరి గల్లా?

గ్రూప్‌వన్ మూడోసారి · శనివారం రాత్రి 9:52

అన్నా, షెనాయ్ సిలబస్‌లో ఉన్నారా? లేకపోతే నేను ప్రిలిమ్స్ అయ్యాక చదువుతా.

పాతపేపర్లు · శనివారం రాత్రి 9:55

లేరు తమ్ముడూ. అదే నా ఏడుపు.

లెక్కలమాస్టారు · ఆదివారం ఉదయం 6:15

ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పి రిటైర్ అయినవాణ్ణి. పాతపేపర్లు గారి అంకెలు సరైనవే, వాటిని చూపించిన తీరు మాత్రం సగమే.

ఒకటి. అప్పట్లో ఈ దేశం పరిస్థితి గుర్తుచేసుకోండి. స్వాతంత్ర్యానికి ముందు యాభై ఏళ్లలో తలసరి ఆదాయం పెరిగిందంటే పెరిగింది, లేదంటే లేదు. సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్లు. దాని పక్కన పెడితే రెండో ప్రణాళికలో ఏడాదికి నాలుగు శాతం పైన వృద్ధి వచ్చింది. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ లేచాయి. ఇప్పుడు ఏడెనిమిది శాతం అలవాటయి నాలుగుని చూసి నవ్వుతున్నాం.

రెండు. అప్పట్లో ప్రైవేటు పెట్టుబడిదారులే ప్రణాళిక అడిగారు. 1944 నాటి బొంబాయి ప్రణాళికలో టాటా, బిర్లా ఉన్నారు. పెద్ద పరిశ్రమలకి రాజ్యమే పూనుకోవాలని వాళ్లే రాసిచ్చారు. షెనాయ్ ఒంటరి కావడానికి కారణం మిగతావాళ్లు నెహ్రూకి భయపడటం కాదు. ఆ రోజుల్లో లండన్ నుంచి మాస్కో దాకా గాలి అటే వీస్తోంది.

మూడు, ముఖ్యమైనది. నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాలవలకి నీళ్లు వదిలారు. పన్నెండేళ్లు రాతి కట్టడం. ఏ శెట్టి గల్లాపెట్టె కట్టేదండీ దాన్ని? గుంటూరు, నల్లగొండ, ఖమ్మం రైతుల్ని అడగండి మహలనోబిస్ మంచివాడా చెడ్డవాడా అని.

పాతపేపర్లు · ఆదివారం ఉదయం 8:30

మాస్టారూ, నమస్కారం. సాగర్ విషయంలో మీతో వాదించను. డ్యాములు, కాలవలు, రోడ్లు ప్రభుత్వం కట్టకూడదని షెనాయ్ కూడా అనలేదు. నా ఫిర్యాదు డ్యాముల మీద కాదు, గుడ్డ మీద, సిమెంటు మీద, స్కూటర్ మీద. నీళ్లు ఇచ్చిన ప్రభుత్వమే ఆ నీళ్లతో పండిన ధాన్యాన్ని జిల్లా దాటనివ్వకపోవడం మీద.

బొంబాయి ప్రణాళిక సంగతి నిజం. కానీ పెట్టుబడిదారులు రక్షణ అడిగారంటే అది మార్కెట్‌కి విరుద్ధంగా సాక్ష్యమా, పెట్టుబడిదారుల మీద సాక్ష్యమా? పోటీ అంటే అందరికంటే ఎక్కువ భయం వ్యాపారికే. 1951 పరిశ్రమల చట్టం కింద లైసెన్సు ఒకసారి చేతికి వస్తే, పక్కవాడికి రాకుండా చూసుకుంటే చాలు. పాత లైసెన్సుదారు ఇంట్లో ఫ్యాన్ కింద పడుకుని డబ్బు సంపాదించొచ్చు. ఇంకా విచిత్రం, లైసెన్సులో రాసినదానికన్నా ఎక్కువ సరుకు తయారుచేస్తే నేరం. కొరత ఉన్న దేశంలో ఎక్కువ చేసినవాడికి శిక్ష!

మా నాన్న 1970ల్లో రెండు గదుల ఇల్లు కట్టుకోవడానికి సిమెంటు పర్మిట్ కోసం ఒక ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగారు. చేతికొచ్చింది అడిగినదాంట్లో సగం. మిగతా సగం బ్లాకులో కొన్నారు. మా ఇంటి వెనక గోడ ఇప్పటికీ సున్నంతో కట్టినదే, ఎవరైనా చూడొచ్చు. 1982లో సిమెంటు మీద కంట్రోల్ కొంత సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. కడప, నల్లగొండ సున్నపురాయి అంతకు ముందు లేదా? రాయి అదే, ధర మీద మూత తీశారంతే.

ఇంకో మాట. మహలనోబిస్‌ని విమర్శించింది మార్కెట్‌వాదులే కాదు. బొంబాయిలో సి.ఎన్. వకీల్, పి.ఆర్. బ్రహ్మానంద ఇద్దరూ 1956లోనే చెప్పారు: కూలీకి పని ఇస్తే వాడు ముందు కొనేది తిండి, గుడ్డ. అవి పెంచకుండా ఉక్కు పెంచితే వాడి చేతిలో డబ్బు ఉంటుంది, అంగట్లో బియ్యం ఉండవు. 1965, 66లో రెండేళ్లు వానలు మొహం చాటేసేసరికి అమెరికా పీఎల్-480 అనే ఆహార సాయం కింద పంపే గోధుమల ఓడల కోసం రేవుల్లో ఎదురుచూశాం. 1966 జూన్‌లో డాలర్ 4.76 రూపాయల నుంచి 7.50కి పోయింది. నాలుగో ప్రణాళిక మూడేళ్లు వాయిదా. దానికి "ప్లాన్ హాలిడే" అని ముద్దుపేరు.

కూర్మన్నపాలెం · ఆదివారం మధ్యాహ్నం 1:05

విశాఖ స్టీల్ ప్లాంటులో ముప్పై రెండేళ్లు చేసి దిగాను. ఉక్కు ఎవరికి కావాలి అంటున్న పాతపేపర్లు గారికి చిన్న కథ.

అయిదో ఉక్కు ఫ్యాక్టరీకి విశాఖ అనువైన చోటని అరవైల్లోనే విదేశీ నిపుణుల బృందం చెప్పింది. నిపుణులు! ఢిల్లీ ఆ మాట పక్కన పెట్టింది. అందుకే 1966లో రోడ్డెక్కాం, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన. కాబట్టి మా బాధ నిపుణులు ఏలినందుకు కాదు, నిపుణుల మాట విననందుకు.

పాతపేపర్లు · ఆదివారం మధ్యాహ్నం 1:20

శంకుస్థాపన 1971. జాతికి అంకితం ఎప్పుడు అన్నా?

కూర్మన్నపాలెం · ఆదివారం మధ్యాహ్నం 1:31

1992 ఆగస్టు 1. పీవీ గారు వచ్చారు. అవును, ఇరవై ఒక్క ఏళ్లు. నవ్వుకోండి.

ఆ ఇరవై ఏళ్ల వడ్డీ మా నెత్తిన పడింది. ఇనుప ఖనిజానికి సొంత గని ఇవ్వలేదు, బయట కొనుక్కోమన్నారు. పక్క కంపెనీలకి సొంత గనులు. కాళ్లు కట్టేసి పరుగు పందెంలో నిలబెట్టి, 2021 జనవరిలో "ఓడిపోయావు, అమ్మేస్తాం" అన్నారు. మళ్లీ 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ. దీన్ని మార్కెట్ అంటారా, ప్రణాళిక అంటారా మీరే చెప్పండి. నాకైతే రెండూ కాదు. ఆర్-కార్డు (భూమి పోయినవాళ్లకిచ్చిన పునరావాస కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగిన నిర్వాసితుల పిల్లలకి ఏ సిద్ధాంతమూ అన్నం పెట్టలేదు.

పాతపేపర్లు · ఆదివారం మధ్యాహ్నం 2:10

అన్నా, నవ్వలేదు. మీ పోస్టు నా వాదన కన్నా గట్టిది. గని ఇవ్వాలా వద్దా, ఎప్పుడివ్వాలి, ఎంతకివ్వాలి అన్నది ఒక మంత్రిత్వ శాఖ ఫైలు మీద ఆధారపడింది. అది మీ పనితనంతో సంబంధం లేని లెక్క. మీరు బాగా పనిచేసినా నష్టం, చేయకపోయినా ప్యాకేజీ.

అటు వైపు కూడా చూడండి. యాభైల్లోనే ఉక్కుకీ సిమెంటుకీ రవాణా ఖర్చు దేశమంతా ఒకటే అని సమం చేశారు. గని పక్కన ఫ్యాక్టరీ పెట్టినవాడికి ఏ లాభమూ లేకుండా పోయింది. బిహార్, ఒడిశా, బెంగాల్ నేల కింద ఖనిజం, నేల మీద దరిద్రం. ఎవరో తెలివైనవాళ్లు న్యాయం చేద్దామనే చేశారు. ఆ సమీకరణ ఎత్తేయడానికి తొంభైల దాకా పట్టింది. అప్పటికి పరిశ్రమలు పడమటి తీరంలో వేళ్లూనుకున్నాయి.

బల్క్‌డ్రగ్ · ఆదివారం సాయంత్రం 5:48

బాలానగర్ పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, నా మాట కూడా వినండి. మా పేటకి అన్నం పెట్టింది ఐడీపీఎల్. సోవియట్ సాయంతో వచ్చిన ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ. అంజిరెడ్డి గారు మొదట అక్కడే పనిచేశారు, ఆ తర్వాతే 1984లో సొంత కంపెనీ డాక్టర్ రెడ్డీస్. అలా అక్కడ పని నేర్చుకుని బయటికొచ్చి రియాక్టర్ పెట్టుకున్నవాళ్లు జీడిమెట్ల నిండా ఉన్నారు. ప్రణాళిక లేకపోతే హైదరాబాద్ ఫార్మా లేదు. ఇది ఒక నిజం.

రెండో నిజం. నేర్పిన ఐడీపీఎల్ తొంభైల్లో ఖాయిలా పడింది, నేర్చుకుని వెళ్లినవాళ్లు అమెరికాకి మందులు అమ్ముతున్నారు. అదే కెమిస్ట్రీ, అదే నీళ్లు, అదే మనుషులు. తేడా ఎక్కడుందో మా మామయ్య చెప్పేవాడు: లోపల ఉన్నప్పుడు బ్యాచ్ పాడైతే కాగితం రాసేవాళ్లట, బయటికొచ్చాక బ్యాచ్ పాడైతే నిద్ర పట్టేది కాదట.

మధ్యలో ఇంకోటి ఉంది, దాన్ని మీ ఇద్దరిలో ఎవరి ఖాతాలో వేసుకుంటారో చూడాలి. 1970 పేటెంట్ చట్టం. మందుకి కాదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ అంది. దాంతో మనవాళ్లు వేరే దారిలో అదే మందు చేయగలిగారు. పేటెంట్ అంటే ప్రభుత్వం ఇచ్చే గుత్తాధికారం కదా. దాన్ని తగ్గిస్తే అది మార్కెట్‌కి మేలా, కీడా?

లెక్కలమాస్టారు · ఆదివారం సాయంత్రం 6:20

మంచి ప్రశ్న బాబూ. పాతపేపర్లు గారు జవాబు చెప్పేలోపు టీ తాగొస్తాను.

పాతపేపర్లు · ఆదివారం సాయంత్రం 6:55

నా పక్షంవాళ్లే దీని మీద రెండు ముక్కలుగా చీలిపోయి ఉన్నారు. నేను మేలు అనే ముక్కలో ఉన్నాను. నా ఖాతాలో వేయండి.

లంకపొలం · ఆదివారం రాత్రి 8:15

మీరంతా చదువుకున్నవాళ్లు. నాకు తెలిసింది 2011.

కోనసీమలో ఆ సార్వాకి (ఖరీఫ్‌కి) మేం పంట విరామం ప్రకటించాం. మూడు పంటలు పండే నేల, కాలవ నిండా నీళ్లు, అయినా నాట్లు వేయలేదు. వేలాది ఎకరాలు బీడు. టీవీ వాళ్లు వచ్చి "రైతుల సమ్మె" అన్నారు. సమ్మె కాదండీ, లెక్క. మామూలు రకం మద్దతు ధర క్వింటాలు 1,080. అంటే మన 75 కేజీల బస్తా 810 రూపాయలు. అది కాగితం మీద. మా ఊళ్లో మిల్లు దగ్గర అంతకంటే బాగా తక్కువకే అడిగారు. అడిగితే, "గోడౌన్‌లో పోయిన దాళ్వా (రబీ) బియ్యమే కదల్లేదు, నీ ధాన్యం ఎక్కడ పెట్టుకోను" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు.

ఎందుకు కదల్లేదు? మిల్లరు ఆడించిన బియ్యంలో నూటికి డెబ్బై ఐదు లెవీ కింద ఎఫ్‌సీఐకి, అంటే కేంద్రం ఆహార సంస్థకి, ఇవ్వాలి. అక్కడ జాగా లేదు. మిగతా పాతిక బయట అమ్ముకుందామంటే దానికీ పర్మిషన్ కాగితం కావాలి. ఓడ ఎక్కిద్దామంటే 2008 నుంచి బాస్మతి కాని బియ్యం ఎగుమతి నిషేధం. కాకినాడ రేవు మాకు కూతవేటు దూరం, చూస్తూ కూర్చున్నాం. ఆ నిషేధం ఎత్తేసింది 2011 సెప్టెంబర్‌లో. అప్పటికి నాట్ల కాలం దాటిపోయింది.

ఎన్ని గేట్లు వేశారో చూడండి. ఒక్కో గేటు విడిగా చూస్తే మంచిదే. లెవీ పేదవాడి కార్డు బియ్యం కోసం. ఎగుమతి నిషేధం పట్నంలో ధర పెరక్కుండా. మద్దతు ధర మా కోసం. మంచి గేట్లన్నీ ఒకేసారి వేస్తే కాలవలో నీళ్లు ఎటు పోతాయి? మా పొలం మీదికే పోయాయి. తర్వాత మోహన్ కందా కమిటీ వేశారు, వచ్చారు, విన్నారు. లెవీ పూర్తిగా పోవడానికి 2015 దాకా పట్టింది.

ఇప్పుడు సంగతి అంటారా, పోయిన ఏడాది ఒక కొనుగోలు కేంద్రంలో తేమ 17 దాటిందని నా లోడు రెండు రోజులు ఆపారు. అదే రోజు అదే మిషన్‌తో పక్కింటివాడిది పదహారు చూపించింది. మేమిద్దరం ఒకే కళ్లంలో ఆరబెట్టాం.

డాలస్ దోసె · ఆదివారం రాత్రి 9:30

లంకపొలం గారూ, మీ గేటు రెండో వైపు నేను నిలబడ్డాను. 2023 జులై 20న మళ్లీ తెల్ల బియ్యం ఎగుమతి ఆపారు కదా. ఆ వారాంతం ఇక్కడ ఇండియన్ స్టోర్ల ముందు క్యూలు. "కుటుంబానికి ఒక్క సంచి" అని బోర్డు. సోనా మసూరి కోసం తెలుగువాళ్లు ట్రాలీలతో పరుగెత్తుతున్న వీడియోలు మీరు చూసే ఉంటారు, అందులో వెనక నీలం టీషర్ట్ నేనే కావచ్చు. నేను మామూలుగా ఇచ్చేదానికి రెట్టింపు ఇచ్చి ఒక సంచి తెచ్చాను. ఇంట్లో అప్పటికే రెండు ఉన్నాయి.

ఆ రెట్టింపు డబ్బు మీకేమన్నా చేరిందా?

లంకపొలం · ఆదివారం రాత్రి 9:41

రూపాయి చేరలేదు తమ్ముడూ. మీ దగ్గరికి రావాల్సిన సంచి ఇక్కడే మిగిలిపోయింది కదా.

లెక్కలమాస్టారు · సోమవారం ఉదయం 6:05

లంకపొలం గారి మాటలకి ఎదురు చెప్పడం నాకు కష్టంగా ఉంది. అయినా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ ఒక మనిషి లేడు. 2008 వేసవిలో ప్రపంచ మార్కెట్లో థాయ్ బియ్యం టన్ను వెయ్యి డాలర్ల దాకా పోయింది. మన గేటు తెరిచి ఉంటే మన బియ్యం ఆ ధర వెతుక్కుంటూ వెళ్లేది. కోనసీమ రైతుకి మంచిదే. భూమి లేని కూలీకో? రిక్షా లాగేవాడికో? ధాన్యం అమ్మేవాళ్ల కన్నా బియ్యం కొనేవాళ్లు ఈ దేశంలో ఎక్కువ. వాళ్లెవరూ ఈ థ్రెడ్‌లో లేరు. గేటు వేసినవాడు మూర్ఖుడు కాదు, వాడి ముందు రెండు ఆకలులు ఉన్నాయి.

అలాగే మీ షెనాయ్‌కి ఎదురుగా నేను దక్షిణ కొరియాని నిలబెడతాను. 1962లో వాళ్లూ పంచవర్ష ప్రణాళిక మొదలుపెట్టారు. బ్యాంకులు ప్రభుత్వం చేతిలో, రుణం ఎవరికివ్వాలో అధికారులే చెప్పారు. ప్రణాళిక వల్లే చెడిపోతే వాళ్లు ఎందుకు చెడిపోలేదు?

పాతపేపర్లు · సోమవారం ఉదయం 9:15

మాస్టారూ, కొరియా ప్రశ్నకి నాకు పూర్తి జవాబు లేదు, సగం ఉంది. అక్కడ అధికారి రుణం ఇచ్చి ఊరుకోలేదు, ఎగుమతి చేసి చూపించమన్నాడు. చేయలేనివాడికి మళ్లీ రుణం లేదు. అంటే తప్పు అయిందని చెప్పే గంట బయటి దేశపు కొనుగోలుదారు చేతిలో ఉంది, మంత్రి చేతిలో లేదు. మనం ఎగుమతుల మీద ఆశ వదులుకున్నప్పుడు ఆ గంట కూడా వదులుకున్నాం. మనకి మిగిలిన గంట ఒక్కటే, డాలర్లు అయిపోవడం. అది 1957లో మోగింది, 1966లో మోగింది, 1991లో చెవులు పగిలేలా మోగింది. మే నెలలో 20 టన్నుల బంగారం, జులైలో ఇంకో 47 టన్నులు దేశం దాటితేగానీ వినపడలేదు.

రెండు ఆకలుల మాట ఒప్పుకుంటాను. కానీ రిక్షా అతనికి సాయం చేయాలంటే ఖజానా నుంచి చేయండి. అది అందరి డబ్బు. ఎగుమతి ఆపితే ఆ సాయం ఖర్చంతా ఒక్క రైతు దగ్గరే వసూలవుతుంది, బడ్జెట్‌లో ఎక్కడా కనపడదు, అసెంబ్లీలో ఎవరూ అడగరు. రెండు రూపాయల బియ్యాన్ని ఎవరెన్ని అన్నా, 1983లో ఎన్టీఆర్ దాని ఖర్చు బడ్జెట్‌లో చూపించారు. జనం చూసి ఓటేశారు.

ఇక్కడ మన గుంటూరు మనిషిని తలుచుకోవాలి. ఎన్.జి. రంగా. నిడుబ్రోలు రైతు బిడ్డ, ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. పొలాలన్నీ కలిపి దున్నాలన్నమాట. ఆ కారణంగానే రంగా కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి, రాజాజీ పెట్టిన స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడయ్యారు. పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్యం అన్న మాటని జనంలోకి తెచ్చింది రాజాజీ. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 సీట్లు. రంగా శ్రీకాకుళం నుంచి గెలిచారు.

లెక్కలమాస్టారు · సోమవారం ఉదయం 9:40

మహారాజులూ జమీందార్లూ ఉన్న పార్టీ అని కూడా రాయండి.

పాతపేపర్లు · సోమవారం ఉదయం 9:58

రాశాను. ముప్పైల్లో జమీందారీకి ఎదురుగా రైతుల్ని కూడగట్టిన రంగా వాళ్లతో ఒకే వేదిక ఎక్కారన్నది నిజం. చివరికి ఆయన తిరిగి కాంగ్రెస్‌లోకే వెళ్లి, 1980లో ఇందిర పార్టీ తరఫున గుంటూరు నుంచి గెలిచారన్నదీ నిజం. నా హీరోలు తిన్నగా నడిచారని నేననలేదు.

పీవీ కూడా అంతే. ముఖ్యమంత్రిగా భూ సంస్కరణలు చేసిన సోషలిస్టు. 1991లో పరిశ్రమల శాఖ తన దగ్గరే ఉంచుకుని, జులై 24న, బడ్జెట్ హడావిడిలో, నలభై ఏళ్ల లైసెన్సు విధానాన్ని పద్దెనిమిది పరిశ్రమలకి కుదించేశారు. ఆ రోజు ఆయన ప్రణాళికా సంఘానికి అధ్యక్షుడు కూడా.

గ్రూప్‌వన్ మూడోసారి · సోమవారం ఉదయం 10:20

ఇది సిలబస్‌లో ఉంది! పద్దెనిమిది. రాసుకున్నా.

బల్క్‌డ్రగ్ · సోమవారం ఉదయం 10:45

పాత సంగతులు చాలు. 2021 ఏప్రిల్‌లో ఏపీలో సినిమా టికెట్ జీవో 35 గుర్తుందా? పంచాయతీలో నాన్ ఏసీ ఎకానమీ అయిదు రూపాయలు. ఢిల్లీ అక్కర్లేదు, మహలనోబిస్ అక్కర్లేదు. ఇడ్లీ కన్నా తక్కువకి సినిమా.

డాలస్ దోసె · సోమవారం ఉదయం 10:52

ఇక్కడ ఆ రోజుల్లో ప్రీమియర్ టికెట్‌కి ఇరవై డాలర్లు పైనే ఇచ్చి చూశాం. మాకెవరూ జీవో ఇవ్వలేదు.

నిర్వాహకుడు · సోమవారం ఉదయం 11:30

సినిమా టికెట్ల మీద వచ్చిన తర్వాతి పద్నాలుగు పోస్టులు, హీరోల పేర్లతో సహా, సినిమా విభాగానికి తరలించాను. పార్టీల పేర్లతో తిట్టుకున్న రెండు తొలగించాను. షెనాయ్ గారి గురించి మాట్లాడండి లేదా వరి గురించి మాట్లాడండి.

కూర్మన్నపాలెం · సోమవారం మధ్యాహ్నం 12:15

వరి గురించే. స్వర్ణ మారుటేరు ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో పుట్టింది. సాంబ మసూరి, అదే బీపీటీ 5204, బాపట్లలో. మీ డాలస్ సంచిలో ఉన్నదాని తాత బహుశా అదే. ప్రభుత్వ జీతగాళ్లు చేసిన విత్తనం. దీనికేమంటారు పాతపేపర్లు గారూ?

పాతపేపర్లు · సోమవారం మధ్యాహ్నం 12:40

చేతులెత్తి దణ్ణం పెడతాను. పైగా గమనించండి, ఆ విత్తనం ఇన్ని ఎకరాల్లో వేయాలని టార్గెట్ పెట్టి ఎవరూ పాకించలేదు. రైతు పక్క చేలో చూసి అడిగి తెచ్చుకున్నాడు. శాస్త్రవేత్త తయారుచేశాడు, ఎంచుకునే పని రైతుకి వదిలేశాడు. మహలనోబిస్ దగ్గర నాకు నచ్చనిది ఆ రెండో పని కూడా ఆయనే చేయడం.

లంకపొలం · సోమవారం రాత్రి 8:50

ఎంచుకునే పని అన్నారు కాబట్టి అడుగుతున్నాను. దాళ్వాకి ఈ వారంలో నారు పోయాలి. బొండాలు (లావు గింజ రకం) వేద్దామా, ఎంటీయూ 1121 వేద్దామా? బొండాలు కేరళకి పోతాయి, ధర ఉంటే బాగా ఉంటుంది, లేకపోతే ఇక్కడ ఎవడూ కొనడు. 1121 అయితే కేంద్రంలో తీసుకుంటారు, కానీ డబ్బు ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ఇంతమంది ఆర్థికవేత్తలు ఉన్నారు కదా, ఒక మాట చెప్పండి.

లెక్కలమాస్టారు · సోమవారం రాత్రి 9:02

1121. మద్దతు ధర ఉన్నదే వేయండి. రిస్కు వద్దు.

బల్క్‌డ్రగ్ · సోమవారం రాత్రి 9:10

సగం సగం వేయండి అన్నా.

డాలస్ దోసె · సోమవారం రాత్రి 9:14

బొండాలు. రిస్కు లేకపోతే లాభం ఎక్కడిది?

పాతపేపర్లు · సోమవారం రాత్రి 9:33

నాకు తెలియదు. నిజంగా తెలియదు. కేరళ వ్యాపారులు ఈ నెల ఎవరైనా వచ్చి అడిగారా మీ దగ్గర?

లంకపొలం · సోమవారం రాత్రి 9:47

పోయిన గురువారం ఇద్దరు వచ్చారు. మిల్లు దగ్గర టీ తాగి వెళ్లారట, నేను చూడలేదు. రేపు పొద్దున్నే వెళ్లి మిల్లు గుమస్తాని అడుగుతాను. వాడు నిజం చెప్పడు గానీ, ఎంత అబద్ధం చెప్తాడో నాకు తెలుసు.